అరచేయంత చోటు

సంక్రాంతికి మా అక్క కొడుకు తన కారులో విజయవాడ వచ్చాడు. సెకండ్‌హ్యాండ్‌లో కొని మూడు నెలలైంది. వీధి మలుపులో ఉండగానే తేడా తెలిసింది. కారు బాగా కిందికి దిగి ఉంది. చక్రాలు పైన లోపలికి, కింద బయటికి వాలి ఉన్నాయి. అప్పుడే పుట్టిన దూడ లేచి నిలబడబోతే కాళ్లు ఎలా ఎడంగా జారుతుంటాయో అలా ఉంది. దిగీ దిగగానే "లుక్ ఎలా ఉంది మావయ్యా?" అన్నాడు.

నేను జవాబు చెప్పకుండా ముందు చక్రం పక్కన గొంతుకూర్చుని టైరు మీద చెయ్యి పెట్టాను. బయటి వైపు గ్రిప్పు కొత్త టైరులో ఉన్నట్టే ఉంది. చెయ్యి మెల్లగా లోపలికి పోనిచ్చాను. సగం దాటాక గ్రిప్పు పలచబడింది. ఇంకాస్త లోపలికి పోతే గుండు. ఆ చివర రబ్బరు పూర్తిగా పోయి ఉక్కు తీగ తేలింది. అది చూపుడు వేలికి గుచ్చుకుని రక్తం చుక్క వచ్చింది. ఆ వేలు వాడికి చూపించాను. వాడి మొహం పాలిపోయింది. ఆ టైర్ల మీదే హైదరాబాద్ నుంచి చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, హైవే మీద వంద వేగంలో వచ్చాడు మరి.

వాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఆ పని నేర్పిన అభిప్రాయం మీద కోపం. చక్రం ఎంత వాలితే కారు అంత అందం, పైగా రోడ్డు మీద అంత పట్టు అని కార్లంటే ప్రాణమిచ్చే కుర్రాళ్లు ఇవాళ నిజంగా నమ్ముతున్నారు. మాడిఫికేషన్ గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు. చెబితే "మీకు కార్లంటే ఇష్టం లేదు" అంటారు. నాకు ఇష్టమే. ముప్ఫై ఏళ్లుగా కార్లు విప్పుతూ, బిగిస్తూ, వాటి గురించి రాస్తూ బతుకుతున్నవాణ్ణి. ఇష్టం కొద్దీ చెబుతున్నాను: ఆ అభిప్రాయం తప్పు. అందం గురించి ఏమనుకున్నా, పట్టు గురించి మాత్రం అది పూర్తిగా తలకిందుల మాట.

కారుకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిటారు నుంచి ఎంత వాలి ఉందో చెప్పే కోణమే క్యాంబర్. పైభాగం లోపలికి వాలితే నెగెటివ్, బయటికి వాలితే పాజిటివ్. మనం రోజూ నడిపే చాలా కార్లకి కంపెనీ పెట్టేది ఒక డిగ్రీ చుట్టుపక్కలే. ఇది ఎవరికో నచ్చి పెట్టిన అంకె కాదు. మనుషులతో సహా 1,200 కిలోలున్న కారునే తీసుకోండి. ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోలు. టైరులో గాలి 33 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.3 కిలోలు. లెక్క కట్టి చూడండి: ఒక్కో టైరు నేలని తాకే చోటు ఉరామరికగా 130 చదరపు సెంటీమీటర్లు. వేళ్లతో సహా అరచేయంత. బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా, వానలో మలుపు తీసుకున్నా, కారుకీ భూమికీ మధ్య ఉన్నది ఆ నాలుగు అరచేతులే. క్యాంబర్ సరిగ్గా పెట్టేది ఆ అరచేయి నేల మీద పరుచుకుని ఉండడానికే.

ఇప్పుడు 205 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరుని వాల్చి చూద్దాం. ఒక డిగ్రీ వాలిస్తే దాని బయటి అంచు లోపలి అంచు కంటే మూడున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. బరువుకి టైరు అణుగుతుంది కాబట్టి ఆ తేడా అందులో కలిసిపోతుంది. మూడు డిగ్రీలైతే దాదాపు 11 మిల్లీమీటర్లు. పది డిగ్రీలు వాలిస్తే 35 మిల్లీమీటర్లు దాటి లేస్తుంది. అప్పుడు కారు నిలబడేది టైరు మీద కాదు, టైరు అంచు మీద. మొత్తం బరువు ఆ సన్నటి పట్టీ మీద పడుతుంది. బరువు ఎంత ఒక్కచోట పడితే పట్టు అంత పెరుగుతుంది కదా అని అడగొచ్చు. రబ్బరు అలా పనిచేయదు. ఒకే చోట ఒత్తిడి పెరిగేకొద్దీ రబ్బరు ఇచ్చే పట్టు, మోసే బరువుతో పోలిస్తే, తగ్గుతూ పోతుంది. బరువు పరుచుకుంటేనే రబ్బరు పట్టుకుంటుంది.

"రేసు కార్లకి ఉంటుంది కదా?" ఇదే అందరి నోటా వచ్చే మొదటి మాట. ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ చూసినవాళ్లు ఆ కార్ల ముందు చక్రాలు లోపలికి వాలి ఉండడం కళ్లారా చూశారు. దానికి కారణం ఉంది. మలుపులో కారు బయటి వైపుకి ఒరుగుతుంది. ఒరిగినప్పుడు బయటి చక్రం పైభాగం కూడా బయటికి వాలుతుంది. ముందే కాస్త లోపలికి వాల్చి పెడితే, సరిగ్గా ఆ మలుపు మధ్యలో, ఆ చక్రం నేల మీద చదునుగా కూర్చుంటుంది. అంటే రేసు కారులో చక్రాన్ని వాల్చేది అది వాలి కనిపించడానికి కాదు, అవసరమైన క్షణంలో వాలకుండా ఉండడానికి. తిన్నటి దారిలో బ్రేకు వేసినప్పుడు ఆ వాలు వల్ల కొంత నష్టపోతామని రేసు ఇంజనీరుకి తెలుసు. తెలిసే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటాడు. కారు పిట్‌లోకి రాగానే టైరు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున మూడు చోట్ల వేడి కొలిచి, కోణం ఎక్కువైందో తక్కువైందో ఆ అంకెల్ని బట్టి తేలుస్తాడు. అతని కోణం టైరుని అడిగి పెట్టిన కోణం. మనవాళ్ల కోణం ఫొటో చూసి పెట్టిన కోణం.

ఆ రేసు ప్రపంచంలో కూడా కోణం అదుపు తప్పితే ఏమైందో రికార్డుల్లో ఉంది. 2011లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద ఫార్ములా వన్ పోటీలో రెడ్ బుల్ జట్టు, టైర్లు ఇచ్చే పిరెల్లీ కంపెనీ సూచించిన హద్దు దాటి ముందు చక్రాలకి క్యాంబర్ పెట్టింది. క్వాలిఫైయింగ్ అయ్యేసరికి ముందు టైర్లు బొబ్బలెక్కాయి. రెండేళ్లకి, 2013లో, సిల్వర్‌స్టోన్‌లో ఒకే పోటీలో ఒకరి తర్వాత ఒకరికి టైర్లు పేలాయి. హామిల్టన్, మాసా, వెర్న్యేల కార్లు ఆ పోటీలోవే. వెనక టైర్లని ఎడమ కుడులు మార్చి బిగించడం, గాలి తక్కువ పెట్టడం, ట్రాక్ అంచు రాళ్లు, వీటితో పాటు మితిమీరిన క్యాంబర్‌ని కూడా పిరెల్లీ కారణాల్లో చెప్పింది. ఆ తర్వాతి జర్మన్ గ్రాండ్ ప్రీకల్లా, రేసుల నిబంధనలు పెట్టే ఎఫ్ఐఏ హద్దు గీసింది: ముందు 4 డిగ్రీలు, వెనక 2.5. భూమ్మీద అతి ఖరీదైన టైర్లు వేసుకుని, పక్కనే ఇంజనీర్లని పెట్టుకుని, రెండు గంటల్లోపు ముగిసే పోటీకి నాలుగు డిగ్రీలు దాటొద్దన్నారు. మా వాడి కారు వెనక చక్రాలకి కొలిస్తే తొమ్మిది వచ్చింది.

హుస్సేన్ సాగర్ సంగతి ఇంకో ముక్క. ఆ పోటీకి రోడ్డు మూసేశారు, రెండు పక్కలా గోడలు పెట్టారు. పోటీ అయిపోయాక అదే రోడ్డు మీదికి ఆర్టీసీ బస్సు, ఆటో, రోడ్డు దాటే ముసలాయన తిరిగొచ్చారు. మన కుర్రాళ్లు చక్రాలు వాల్చుకుని తిరిగేది ఆ రోడ్డు మీద.

రెండో మాట కొంచెం చదువుకున్నవాళ్లు చెబుతారు. "టైర్లని తినేది టో, క్యాంబర్ కాదు. టో సరిగ్గా పెట్టించుకుంటే ఎంత వాల్చినా అరగవు." ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ప్రమాదం. టో అంటే పైనుంచి చూసినప్పుడు చక్రం ముందుకి తిన్నగా చూస్తోందా, పక్కకి చూస్తోందా అన్నది. ఒక డిగ్రీ పక్కకి చూస్తే, కారు కిలోమీటరు పోయేసరికి ఆ టైరు 17 మీటర్ల మేర అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు. పలక మీద ఇటుక ముక్క రుద్దినట్టు రబ్బరు పోతుంది. నిజమే, ఒకటిన్నర డిగ్రీల క్యాంబర్ కంటే చెడిన టో ఎన్నో రెట్లు టైరుని తింటుంది. కానీ ఒకటిన్నరకి నిజమైనది తొమ్మిదికి నిజమవుతుందా? పైగా ఈ రెండు కోణాలూ విడివిడిగా బతకవు. స్ప్రింగులు మార్చి కారుని కిందికి దించితే చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, టై రాడ్ ఉండాల్సిన వాలు మారిపోయి టో తనంతట తానే చెడుతుంది. షెడ్డులో నిలబెట్టి సరిచేసినా, గుంతలో పడి లేచిన ప్రతిసారీ మళ్లీ ఊగుతుంది.

ఇది ఇంట్లోనే చూడొచ్చు. మూతి వెడల్పుగా, అడుగు సన్నగా ఉన్న స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని నేల మీద అడ్డంగా పడుకోబెట్టి దొర్లించండి. తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. వాలిన టైరు దొర్లడం కూడా ఆ గ్లాసు దొర్లినట్టే. తను వాలిన వైపుకి తిరిగిపోవాలని లాగుతూ ఉంటుంది. ఎడమ చక్రం కుడికి లాగుతుంది, కుడి చక్రం ఎడమకి లాగుతుంది. రెండూ సమానంగా లాగినంతసేపు కారు తిన్నగా పోతున్నట్టే కనిపిస్తుంది. ఎడమ చక్రం నీళ్లలో దిగిందో, ఇసుక మీదికి వెళ్లిందో, గుంతలో గాల్లోకి లేచిందో, ఆ క్షణాన దాని లాగుడు పోతుంది. రెండోది గెలుస్తుంది. స్టీరింగు చేతిలోంచి గుంజుకున్నట్టవుతుంది. మా వాణ్ణి అడిగాను, "సూర్యాపేట దగ్గర రెండుసార్లు అలా అయింది, రోడ్డు బాలేదనుకున్నా" అన్నాడు.

కోణం ప్రాణాల మీదికి తెస్తుందా అని అనుమానించేవాళ్లకి అమెరికాలో అరవై ఏళ్ల కిందటి గొడవ గుర్తు చేస్తాను. షెవర్లే కోర్వేర్ అనే కారు 1960 మోడల్‌గా వచ్చింది. మొదటి మోడళ్ల వెనక ఇరుసు కట్టుబడి ఎలాంటిదంటే, గట్టిగా మలుపు తిప్పితే వెనక చక్రం అడుగు లోపలికి ముడుచుకుపోయి పాజిటివ్ క్యాంబర్‌లోకి పోగలదు. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత మీద రాసిన తన పుస్తకంలో మొదటి అధ్యాయం ఆ కారుకే ఇచ్చాడు. అప్పటికే కంపెనీ 1964 మోడల్‌లో అదనపు స్ప్రింగు వేసింది, 1965 మోడల్‌కి వెనక సస్పెన్షన్ మొత్తం మార్చేసింది. ఆ కారు తన కాలం కార్లకంటే అధ్వాన్నం కాదని 1972లో ప్రభుత్వ నివేదిక తేల్చింది, అదీ చెప్పాలి. చక్రం వాలు పెద్ద విషయమేనన్న సంగతి మాత్రం ఆ గొడవలో ఏ పక్షమూ కాదనలేదు. కొందరు కోర్టుకెక్కి, కొందరు డిజైన్ మార్చి, అందరూ ఒప్పుకున్నదే అది.

అసలు వాలు ఎక్కడున్నా దానికి పని ఉంది. పొలంలో పాత ట్రాక్టరు ముందు చక్రాలు చూడండి. పైన బయటికి, కింద లోపలికి ఉంటాయి, మా వాడి కారుకి సరిగ్గా వ్యతిరేకంగా. పవర్ స్టీరింగు లేని రోజుల్లో చక్రం నేలని తాకే చోటు స్టీరింగు తిరిగే ఇరుసు కిందికి దగ్గరగా వస్తే తిప్పడం తేలికవుతుందని అలా పెట్టారు. దుక్కి దున్నే రైతు భుజాల కోసం పెట్టిన వాలు అది. అది నాకు ఎంతో అందంగా కనిపిస్తుంది.

"మేం స్పీడుగా పోం. షోకి మాత్రమే." దీన్ని నేను నమ్మను. నమ్మినా ఒప్పుకోను. 40 వేగం అంటే సెకనుకి 11 మీటర్లు. ఆగి ఉన్న రెండు ఆటోల మధ్య నుంచి పిల్లవాడు బంతి వెనక పరుగెత్తుకొస్తే, బ్రేకు వేశాక కారు ఒక మీటరు ఇటు ఆగడానికీ అటు ఆగడానికీ తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఇంకా ఘోరం. టైరులో గాడులు ఉన్నది నీళ్లు బయటికి తోయడానికి. 1.6 మిల్లీమీటర్లు కూడా లోతు లేకపోతే ఆ టైరు మార్చాలని నిబంధన ఉన్నదీ అందుకే. వాలిన చక్రంలో గాడులున్న భాగం గాల్లో ఉంటుంది, బరువంతా మోసే భాగం గుండు. నడిపేవాడికి పైనుంచి కనిపించేది మాత్రం ఆ గాడులున్న భాగమే. పెట్రోల్ బంకులో గాలి కొట్టేవాడికీ అదే కనిపిస్తుంది. రోజూ చూస్తున్నా తెలియని అరుగుదల అది.

దీనికి తోడు స్ట్రెచ్ అని ఒకటుంది. వెడల్పు రిమ్ముకి సన్న టైరుని సాగదీసి ఎక్కించడం. 205/55 ఆర్16 టైరుకి ఐదున్నర నుంచి ఏడున్నర అంగుళాల రిమ్ము పడుతుందని టైరు పరిశ్రమ ప్రమాణాల్లోనే రాసి ఉంటుంది. దాన్ని తొమ్మిదంగుళాలకి సాగదీస్తే టైరు అంచు రిమ్ముని పట్టుకునే బలం పోతుంది. మన గుంతల్లో ఒక్క దెబ్బ పక్కవాటుగా తగిలితే అంచు జారి గాలంతా ఒకేసారి పోతుంది. పంక్చరైతే కారు నెమ్మదిగా ఆపుకోవచ్చు. ఇందులో ఆ వ్యవధి ఉండదు.

ఇక కళ. ఈ వాదనని నేను గౌరవిస్తాను, ఎందుకంటే దీని వెనక నిజమైన ప్రేమ ఉంది. చక్రాలని విపరీతంగా వాల్చే పద్ధతి జపాన్ నుంచి వచ్చింది. అక్కడ దాన్ని ఒనిక్యాన్ అంటారు, రాక్షస క్యాంబర్ అని. కారుని కిందికి దించే షకోతాన్ సంప్రదాయం దానికంటే పాతది. వెడల్పు రిమ్ములు బాడీ బయటికి పొడుచుకు రాకుండా లోపలికి ఇమడాలంటే చక్రాన్ని వాల్చక తప్పదు. ఇమడడానికి చేసిన పని తర్వాత తర్వాత దానికదే ముచ్చటైంది. కానీ జపాన్‌ని చూపించేవాళ్లు జపాన్‌లో మిగతా సగాన్ని చూపించరు. అక్కడ సొంత కారుకి మొదటి మూడేళ్లకి, ఆ తర్వాత రెండేళ్లకోసారి షాకెన్ అనే తనిఖీ ఉంది. నేలకీ కారు అడుగుకీ మధ్య 9 సెంటీమీటర్లు ఉండాలి. మన దగ్గర సొంత కారు ఒకసారి రిజిస్టరైతే ఫిట్‌నెస్ చూసేది పదిహేనేళ్లకి. అక్కడ నుంచి కోణం తెచ్చుకున్నాం, ఆ కోణాన్ని పట్టుకునే చెయ్యి మాత్రం తెచ్చుకోలేదు. కళగా చేయాలనుకుంటే చేయండి. ప్రదర్శనకి ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లండి, దించి నిలబెట్టండి. నేనూ వచ్చి చూస్తాను.

నా కారు, నా డబ్బు అంటారు. కారు మీదే, రోడ్డు మీది కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కానీ నేను చట్టం పేరు చెప్పి ఎవర్నీ భయపెట్టదలచుకోలేదు. జరిమానా లేకపోయినా టైరు తీగ అలాగే తేలుతుంది.

కోణాన్ని ఆట వస్తువు చేసింది కుర్రాళ్లు మాత్రమే కాదు, ఇంకో పక్క సంగతీ చెప్పాలి. మన ఊళ్లలో కొన్ని టైరు షాపుల్లో అలైన్‌మెంటు కోసం వెళ్తే "క్యాంబర్ అవుట్ ఉంది సార్" అని స్క్రీన్ మీద ఎర్ర అంకె చూపిస్తారు. ఔననగానే హైడ్రాలిక్ జాకీ తెచ్చి, చక్రాన్ని మోసే స్ట్రట్‌ని వంచి అంకెని పచ్చగా చేస్తారు, దానికి వేరే బిల్లు. మన చిన్న కార్లలో చాలావాటికి మామూలు అలైన్‌మెంట్‌లో సరిచేసే వీలున్నది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబర్ తేడా వచ్చిందంటే ఎక్కడో ఆర్మ్ వంగింది, బుష్ పోయింది, లేదా స్ట్రట్ దెబ్బతింది. ఆ పార్టు వెతికి మార్చాలి. జ్వరం తగ్గలేదని థర్మామీటరు వంచితే ఏం లాభం? అంకె కోసం వంచినా, ఫొటో కోసం వంచినా, ఇద్దరూ చక్రం చేసే పనిని మరిచిపోయారు.

పండగ మర్నాడు మా వాణ్ణి తీసుకుని ఆటోనగర్ వెళ్లాను. పాత స్ప్రింగులు వాడు పారేయలేదు, డిక్కీలోనే ఉన్నాయి. రెండు బుష్‌లు, నాలుగు టైర్లు మార్చాల్సి వచ్చింది. చక్రాలకి క్లాంపులు తగిలించి, కారు అటూ ఇటూ దొర్లించి, స్క్రీన్ మీద ముందు రెండు చక్రాలూ అర డిగ్రీ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి మేస్త్రి పాత టైరు ఒకటి తీసి, కత్తితో అడ్డంగా కోసి, జానెడు ముక్క మా వాడి చేతిలో పెట్టి, "దాచుకో బాబూ, స్నేహితులకి చూపించు" అన్నాడు. ఒక వైపు బొటనవేలంత మందం, ఇంకో వైపు తీగ.

నా మాట మీద అనుమానం ఉన్నవాళ్లు నాతో వాదించే ముందు ఒక్క పని చేయండి. కారు చదునుగా ఉన్నచోట ఆపి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పండి. ముందు టైరు లోపలి అంచు బయటికి కనిపిస్తుంది. అక్కడ చెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నిదానంగా పోనివ్వండి. వేళ్లకి గుడ్డ చుట్టుకోండి, గుచ్చుకుంటుంది.